మిరపగింజంత ముఖం, సూదంత ఈటె

నా బల్ల మీద బాలచంద్రుడు నిలబడి ఉన్నాడు. నిలువెత్తు 28 మిల్లీమీటర్లు. ఎడమకాలు ముందుకు, కుడిచెయ్యి భుజం మీదుగా వెనక్కి. ఆ చేతిలో ఈటె ఉండాలి. నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లూ పోయింది. మొదటిది నా వేలు తగిలి విరిగింది. రెండోది ఆకురాయి పట్టేటప్పుడు, మూడోది రంగు వేస్తుంటే కుంచె బరువుకు. నాలుగోదాని సంగతి చెబితే గుంటూరు వాళ్ళు తప్ప ఇంకెవరూ నమ్మరు. మాఘమాసం, కొత్త పంట కళ్ళాల్లో ఎండుతోంది, మా వీధి మొగలో మిరప టిక్కీల లారీ ఆగింది, గాలి ఇటు తిరిగింది. ఒక్క తుమ్ము. వీరుడు నిలబడే ఉన్నాడు. ఈటె ఎటు పోయిందో ఇప్పటికీ దొరకలేదు.

ఇది యుద్ధపు ఆటబొమ్మ. బల్ల మీద అట్టతో కొండలు కట్టి, ఇసుకతో వాగులు పోసి, చిన్న చిన్న సైనికులను రెండువైపులా మోహరించి, బద్దతో అడుగులు కొలిచి, పాచికలు వేసి పోరాడే ఆట ఒకటి లోకంలో ఉంది. ప్రష్యాలో రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులు దాన్ని సైన్యాధికారులకు చెప్పే విద్యగా మలిచారు. కొడుకు రాసిన నియమాలు 1824లో అచ్చయ్యాయి. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకంతో దాన్ని ఇంట్లో నేల మీదికి దించాడు. స్ప్రింగు ఫిరంగితో బొమ్మ సైనికులను పడగొట్టడమే ఆయన ఆట. పెద్ద యుద్ధాల కన్నా ఈ చిన్న యుద్ధమే మేలని వాదించాడు. మరుసటి ఏడే పెద్దది వచ్చిపడింది.

మా పల్నాటిలో వరస తిరగబడింది. వెల్స్ యుద్ధాన్ని ఆటగా కుదించాడు. మావాళ్ళు ఆటను యుద్ధం దాకా పెంచారు. బ్రహ్మనాయుడికీ నాయకురాలు నాగమ్మకూ నడుమ కోడిపందెం, ఓడినవాళ్ళకు ఏడేళ్ళ వలస, ఆ గడువు తీరాక కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రణం. పన్నెండో శతాబ్దపు మాట. బాలచంద్రుడు యుద్ధానికి కదిలింది కూడా ఆటవల్లే. వదిలిన బొంగరం పోయి ఒక ఇల్లాలి కాలికి తగిలింది. ఆమె అన్న మాట వచ్చి కుర్రవాడి గుండెకు తగిలింది. శ్రీనాథుడి పేర ఉన్న 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చుకెక్కించారు. అంతకుముందు వందల ఏళ్ళుగా వీరవిద్యావంతులు దాన్ని పాడుతూనే ఉన్నారు. అలాంటి కథ నడిచిన నేల మీద పుట్టి, ఎక్కడెక్కడి బొమ్మసైనికులనో కొనుక్కోవడమేమిటి, నా వీరుణ్ణి నేనే మెత్తుకుంటానని పూనుకున్నాను. పూనుకోవడం తేలిక.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. కుళాయి పైపు కారితే పూసే బూడిదరంగు ఎపాక్సీ ముద్ద ఒకటి. విదేశాల్లో ఈ పనికని పసుపు, నీలం పట్టీలుగా వచ్చేది ఇంకొకటి. ఆ రెండు పట్టీలనూ కలిపి పిసికితే ఆకుపచ్చ అవుతుంది. ఎముకల గూటికి రాగి తీగ, పనిముట్లకు గోనెలు కుట్టే దబ్బనం, దుప్పటి సూది, తుమ్మముల్లు. తుమ్మముల్లును నవ్వులాటకు చెప్పడం లేదు. దాని మొనలో ఉన్న సన్నదనం, నునుపు ఏ ఉక్కు పనిముట్టుకూ రాలేదు నాకు.

తీగను వంచి, కాళ్ళు చేతులు తీర్చి, తొలి ముద్ద పెట్టిన రోజున నాకు మహా సంబరం. రెండోరోజు చూస్తే అది మనిషి కాదు, సున్నం కొట్టిన కొయ్యగుంజ. ఇందులో అసలు కష్టం ముద్దను వంచడం కాదు, ఆగడం. శరీరాన్ని ఒకేసారి మెత్తకూడదు. లోపలి కండ ఒకనాడు, అది గట్టిపడ్డాక పైన ధోవతి ఒకనాడు, అదీ బిగిశాక నడికట్టు ఇంకోనాడు. తొందరపడితే ధోవతి కుచ్చెళ్ళు తీరుస్తున్న వేలు పోయి నిన్న సరిచేసిన మోకాలిని నొక్కేస్తుంది. పైగా కలిపిన ముద్ద ఎండకు త్వరగా బిగుస్తుంది. మే నెలలో మా ఊళ్ళో మధ్యాహ్నం పూట అది నాకు ఇచ్చిన గడువు కుచ్చెళ్ళ వరకే, అంచుకు లేదు. తెల్లవారుజామున లేచి, నీళ్ళు చల్లిన గదిలో కూర్చుని, మిగిలిన ముద్దను ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీ పక్కన దాచుకుని పనిచేశాను. ఒకసారి చెయ్యి తడుపుకోవడం మరిచి ముట్టుకుంటే వీరుడి రొమ్ము నిండా నా బొటనవేలి గీతలు. కొలతలో చూస్తే ఆ గీతలు ఒక్కొక్కటీ మనిషి పక్కటెముకంత వెడల్పు. నా వేలిముద్ర నాకు అంత పెద్దదిగా ఎప్పుడూ కనిపించలేదు.

వేళ్ళ సంగతి వేరే చెప్పాలి. పిడికిలి అంటే నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు. 28 మిల్లీమీటర్ల మనిషికి ఒక్కో వేలు గసగసాల గింజలో సగం కూడా లేదు. మా వీధిలో ఒక కంసాలి పెద్దాయన ఉన్నారు. అందరూ ఆచారిగారనే అంటారు. ఆయనకు చూపించాను. కంటికి అద్దం బిగించుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

"ఏంది బాబూ ఇయ్యి, వేళ్ళా, మిరప తొడిమలా?"

"వేళ్ళేనండి. సన్నగా రావడం లేదు."

"సన్నం చెయ్యాలంటే సన్నం చెయ్యగూడదు బాబూ. పక్కన లావు పెట్టాల. అప్పుడు సన్నం కనపడిద్ది."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి వేళ్ళు చేయడం మానేశాను. చిన్న ముద్ద పెట్టి, దానిమీద తుమ్మముల్లుతో మూడంటే మూడు గీతలు గీశాను. పిడికిలి వచ్చింది. వేలు అనేది ముద్దలో లేదు, రెండు గీతల నడుమ నీడలో ఉంది. నగలో కాసులు, గుళ్ళు, మామిడిపిందెలు చేసేవాళ్ళకు ఇది పుట్టుకతో తెలిసిన విద్య. నాకు అది తెలియడానికి ఆరునెలలు, సుమారు పదకొండు చేతులు పట్టాయి.

ముఖం దగ్గర లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మన స్థపతులు బొమ్మను తాళాల్లో కొలుస్తారు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా ఒక తాళం. నవతాళ ప్రతిమ అంటే ముఖానికి తొమ్మిదింతల నిలువు. 28ని తొమ్మిదితో భాగిస్తే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. గుంటూరు మిరపకాయ తుంచి గింజ ఒకటి తీసి పక్కన పెడితే సరిగ్గా సరిపోయింది. ఆ గింజ మీద కళ్ళు, ముక్కు, మీసం మొలిచీ మొలవని పెదవి. బాలచంద్రుడు కనుక మీసం బాధ తప్పింది, అదే బ్రహ్మనాయుడైతే ఏమయ్యేవాణ్ణో.

శాస్త్రం చెప్పిన కొలతకు చేస్తే మాత్రం బల్ల మీద రెండడుగుల దూరం నుంచి ముఖం కనిపించదు. అందుకే ఈ ఆటబొమ్మలు చేసేవాళ్ళు తలను, చేతులను, ఆయుధాలను అసలు పాళ్ళకు మించి పెంచుతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు హీరోయిక్ స్కేల్, అంటే వీరుల కొలత. మనవాళ్ళు దేవతలకు నవతాళమూ దశతాళమూ ఇచ్చి, వినాయకుడికి పంచతాళం ఇచ్చారు. యుద్ధపు ఆటబొమ్మల మహావీరుడు ఆ రెంటి నడుమ ఎక్కడో, కాస్త వినాయకుడి వైపు జరిగి నిలబడతాడు. గొడ్డలి ఎత్తి గర్జిస్తున్న ఉత్తరదేశపు వీరుణ్ణి చూసి నాకు ఉండ్రాళ్ళు గుర్తుకు రావడానికి కారణం అదేనని తర్వాత తెలిసింది. అయితే పెంచడం మనకు కొత్తేమీ కాదు. వీరగల్లుల మీద చూడండి, చచ్చిపోయిన వీరుడు పెద్దగా ఉంటాడు, అతన్ని చంపినవాళ్ళు మోకాలెత్తు ఉంటారు. కొలత తప్పిందని అనలేం. ఊరి దృష్టిలో ఎవరెంత ఎత్తో అంతే చెక్కారు.

ఇక ఆయుధం. ఈ విద్య అంతటిలో నన్ను ఏడిపించింది అదే. మనిషి వంగుతాడు, ధోవతి మడతపడుతుంది, తప్పులను కండ దాస్తుంది. ఆయుధం ఏదీ దాచదు. అది తిన్నగా ఉండాలి, సన్నగా ఉండాలి, గట్టిగా ఉండాలి. ఈ మూడూ చిన్న కొలతలో ఒకచోట ఇమడవు. మనిషిని అరవయ్యో వంతుకు తగ్గిస్తే మూడు సెంటీమీటర్ల ఈటె కర్ర అర మిల్లీమీటరు అవుతుంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కత్తి అలుగు అంతకన్నా కొంచెం ఎక్కువ. ఆ అలుగు మందం లెక్కకడితే మిల్లీమీటరులో పదోవంతు కూడా మిగలదు, కాగితం మందం. ఎపాక్సీతో అంత సన్నని కత్తి తీస్తే అది తన బరువుకు తానే తోటకూర కాడలా వాలిపోయింది. లావు చేస్తే రోకలి. సూదిని విరిచి ఈటె చేస్తే నిలిచింది, కానీ బొమ్మంతా ఒక లోకం, ఆ సూది ఒక లోకం. మెత్తని వేలిముద్రల మనిషి చేతిలో ఫ్యాక్టరీ ఉక్కు. చూసేవాడి చూపు ముందు దాని మీదికే పోతుంది, అక్కడే ఆగిపోతుంది. రసానికి అంతకు మించిన విఘ్నం లేదు.

అలా విసిగిపోయి ఉన్న రోజుల్లోనే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్ళాను. ఇక్ష్వాకుల విజయపురి అడుగున మునిగి ఉన్న నీళ్ళ మీదుగా వెళ్ళి, కొండ మీద మిగిలిన మ్యూజియంలో అడుగుపెడితే లేత ఆకుపచ్చ నీడ తగిలిన పలనాటి సున్నపురాయి. ఇంతకుముందు పదిసార్లు చూశాను. ఆ వేళ మాత్రం బుద్ధుణ్ణి చూడలేదు, జాతకకథలు చూడలేదు. ఆయుధాలు చూశాను. ఈటె పట్టుకున్న చేతులు ఎన్ని దొరికితే అన్నిటి దగ్గరా నిలబడ్డాను.

పొడుగు అంగీ తొడుక్కుని నిలబడిన ఒక పరదేశి కావలివాడు ఉన్నాడు అక్కడి శిల్పాల్లో. శకుడని పండితులంటారు. అతన్ని చెక్కినవాడు పల్నాటి వాడే అయి ఉండాలి. అలాంటి బట్ట అతను కట్టి ఎరగడు. అయినా ఆ అంగీ మందం, అది మోకాళ్ళ మీద పడిన బరువు, మన ఎండలో ఆ ఉన్ని గుడ్డ లోపల ఒళ్ళెంత ఉడికి ఉంటుందో కూడా కనపడేటట్టు చెక్కాడు. పక్కనే మనవాళ్ళ శరీరాలు నడుము దాకా నగ్నంగా, సన్నగా, లేత తమలపాకు కాడల్లా ఊగుతున్నాయి. బట్టతోనే దేశాన్ని చెప్పడం అంటే అదీ. బొమ్మసైనికులు చేసేవాళ్ళు గుండీలు లెక్కపెట్టుకుంటూ వెతికేది ఇదే. ఆ శిల్పికి ఇది పదిహేడువందల ఏళ్ళ కిందే చిక్కింది.

ఈటెల దగ్గరకొద్దాం. అవి ఒక్కటీ గాలిలో లేవు. ప్రతి ఈటె వెనకా రాయి ఉంది. అది కర్ర కాదు, పలక మీద ఉబ్బిన ఒక గీత. భుజానికి ఆనినచోట భుజంలో కలిసిపోయి, దాటాక మళ్ళీ తేలి, పక్కవాడి తలపాగా వెనక్కి వెళ్ళి మాయమై, ఆ పైన మొన మాత్రం కనిపిస్తుంది. మధ్యలో లేని భాగాన్ని మన కన్ను తానే పూరిస్తుంది. నేను ఆరునెలలు గాలిలో నిలబెట్టాలని చూసినదాన్ని ఆయన రాతిలో పడుకోబెట్టాడు. విచిత్రం ఏమిటంటే పడుకోబెట్టిన ఈటెకే వేగం వచ్చింది. నిలబెట్టిన నా ఈటెకు ఎప్పుడు విరుగుతానోనన్న బెంగ తప్ప ఇంకేం లేదు.

యూరప్‌లోనూ ఈ సంగతి కనిపెట్టినవాళ్ళు ఉన్నారు. నూరెంబర్గ్‌లో పలకరాతిలో అచ్చు చెక్కి, తగరం పోసి, గోరంత మందాన బల్లపరుపు సైనికులను తీసేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో హైన్రిక్సన్ కుటుంబం వాటికి ముప్పై మిల్లీమీటర్ల ఎత్తు ఖాయం చేసింది. పక్కనుంచి చూస్తే గీత, ఎదురుగా చూస్తే గుర్రమూ రౌతూ బల్లెమూ. బల్లెం విరగదు, ఎందుకంటే అది గుర్రం మెడతో ఒకే పలకగా ఉంటుంది. అది కూడా ఒక విధంగా రాతిపలక మీది శిల్పమే, రాతిని తీసేసి తగరాన్ని మిగిల్చారు, అంతే.

నాగార్జునకొండలో ఛాయాస్తంభాలు అనేవి ఉన్నాయి. శాసనాల్లో ప్రాకృతంలో ఛాయాఖంభ అని రాశారు. చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా నిలిపిన కంబాలు. రాజుకూ ఉన్నాయి, యుద్ధంలో పడిన సైనికులకూ ఉన్నాయి. ఛాయ అంటే ఇక్కడ పోలిక, ప్రతిరూపం. కానీ తెలుగువాడి చెవికి అది నీడగానే వినపడుతుంది, ఆ వినపడటంలో తప్పేమీ లేదనిపిస్తుంది నాకు. కంబం మీద అరలు అరలుగా ఏనుగులు, గుర్రాలు, కాల్బలం, తలపడేవాళ్ళు. మనిషి జానెడు కూడా ఉండడు కొన్నిచోట్ల. ముఖాలు అరిగిపోయాయి. కళ్ళు లేవు, ముక్కుల్లేవు. ఉన్నది నడుము ఒక్కటే. ఒక సైనికుడు చేయి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడుందో రాయి పోయింది, ఆయుధమూ పోయింది. అయినా ఆ నడుము తిరిగిన తీరు చూస్తే అతడేం ఎత్తాడో, ఎంత బరువుదో, అది ఎటు పడబోతోందో తెలిసిపోతోంది. గంటసేపు కదలలేకపోయాను. కాపలా ఆయన వచ్చి "లాంచీ ఎల్లిపోద్దండీ" అంటే గాని స్పృహ లేదు.

ఆయుధం చేతిలో పుట్టదు, నడుములో పుడుతుంది. ఇది ఎంత సులువుగా రాశానో అంత సులువుగా నా బొమ్మలోకి రాలేదు. ఇంటికి వచ్చి బాలచంద్రుణ్ణి చూస్తే కాళ్ళు ఇద్దరివి, నడుము మూడోవాడిది. ఈటె విసిరేవాడి బరువు వెనక మడమలో ఉండి ముందు మునివేళ్ళకు పోతూ ఉండాలి. నావాడు రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి బస్సు కోసం నిలబడ్డట్టున్నాడు. చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది, బస్సు ఆపడానికి. మన నాట్యశాస్త్రం విలుకాడి నిలుపుకు ఆలీఢమని పేరు పెట్టి, పాదాల నడుమ ఐదు తాళాల ఎడం ఉండాలని కొలత కూడా చెప్పింది. నా బొమ్మ లెక్కలో అది పదిహేను మిల్లీమీటర్లు. నావాడి పాదాల నడుమ కొలిస్తే ఏడు. కటింగ్‌ప్లేయర్‌తో తొడల దగ్గర కత్తిరించి, తీగ కొత్తగా దించి, మళ్ళీ మొదలు.

దుర్గికి వెళ్ళింది ఆ తర్వాతే. మాచర్ల పక్క ఊరు. అక్కడ ఇప్పటికీ అదే సున్నపురాతిని చెక్కుతారు. దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక చావడిలో గణపతులు, బుద్ధులు, నందులు వరసగా కూర్చుని ఉంటే, ఒకాయన వేలెడంత ఏనుగుకు తొండం తీస్తున్నాడు. తొండం చివర పైకి ఎత్తి ఉంది. గాలిలో లేదు, సరిగ్గా నుదుటికి ఆనించాడు. నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన ఉలి ఆపకుండానే అన్నాడు: "రాయి ఈటెను మొయ్యదండీ. దానికేదో ఒకటి ఆసరా ఇయ్యాల. భుజమన్నా, గోడన్నా, పక్కోడన్నా." పక్కోడు అన్నమాట నాకు బాగా నచ్చింది. నాగార్జునకొండ పలకల మీద ఒకడి ఈటెను ఇంకొకడి తల మోస్తోంది కదా.

ఇక్కడ కొండపల్లిని తలచుకోకుండా ఉండలేను, కృష్ణ అవతలిదైనా. తెల్లపొణికి కర్రలో చేయి వేరుగా, కాలు వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొడి కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కే మన పాతకాలపు ఎపాక్సీ. అంబారీ ఏనుగు మీద మావటివాడి చేతిలో అంకుశం చూడండి. లావుగా, మొద్దుగా, రంగు పూసి ఉంటుంది. అయినా ఎవరికీ తప్పనిపించదు. కారణం ఏనుగూ మొద్దే, మావటీ మొద్దే, మావటి నవ్వూ మొద్దే. ఆ బొమ్మలో అన్నీ ఒకే పాటి అబద్ధాన్ని చెబుతున్నాయి. నా సూది ఈటె తప్పు ఏమిటంటే అది ఒక్కతే నిజం చెప్పింది.

ముఖంలో భావం గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడుపోతున్న యుద్ధపు బొమ్మల్లో, 1983లో వచ్చిన వార్‌హ్యామర్ దగ్గర్నుంచి చూస్తే, సగానికి సగం నోరు తెరిచి అరుస్తుంటాయి. పళ్ళు, నాలుక, ఉబ్బిన నరాలు. పనితనం అద్భుతం, కాదనను. ఆవగింజంత నోట్లో పళ్ళు విడివిడిగా చెక్కిన చేతికి దణ్ణం పెట్టాలి. కానీ అది రౌద్రం. వీరానికి స్థాయి ఉత్సాహం, కోపం కాదు. ఉత్సాహం ఉన్నవాడు అరవడు. ఆ తేడా మన శిల్పులకు బాగా తెలుసు. నాగార్జునకొండ సైనికుల్లో, ముఖం మిగిలిన ఏ కొద్దిమందిలోనో, నోరు మూసే ఉంటుంది. కనుబొమలు ముడిపడవు. భయాన్ని చెక్కాల్సి వస్తే మాత్రం వాళ్ళే ఎక్కడికైనా పోతారు. చెన్నై మ్యూజియంలో ఉన్న అమరావతి నళగిరి ఫలకం చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒకే వలయంలో ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతోంది, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. ఒకావిడ భయంతో వెనక్కి ఒరిగి పక్కవాణ్ణి కరుచుకుంది. ఆ భయమంతా ఆమె ముఖంలో కన్నా ఒరిగిన నడుములో ఉంది. మళ్ళీ నడుమే.

అందుకని నా మిరపగింజ మీద కళ్ళు తెరిపించానే గాని నోరు తెరిపించలేదు. పెదవి దగ్గర ఒక్క అడ్డగీత, అదీ తుమ్మముల్లు తాకీ తాకకుండా. అది కాస్త పక్కకు జారి నవ్వులాగా వచ్చింది. చెరిపేద్దామనుకున్నాను. చేయి రాలేదు. బొంగరాలాడే వయసు కదా అని వదిలేశాను.

ఈటె మాత్రం తేలలేదు. కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్ళాను. అక్కడ పల్నాటి వీరుల ఉత్సవాలు ఐదురోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పేర్లలోనే కథ ఉంది. కోడిపోరు కథను మళ్ళీ ఆటలోకి తెచ్చి ఆడతారు, చివరిరోజు కళ్ళిపాడు వీరులు నేలకొరిగిన రోజు. ఊరూరి నుంచి ఆచారవంతులు కొణతాలు తీసుకుని వస్తారు. కొణతమంటే వీరుల ఆయుధం. పేర్లు చెబుతారు, ఇది బ్రహ్మనాయుడి నృసింహకుంతం, అది కన్నమదాసు భైరవఖడ్గం అని. ఏ కొణతమూ కొలువులో ఉన్న రాజులా ఉండదు. పసుపు పులుముకుని, కుంకుమ దిద్దుకుని, మెడలో దండ వేసుకుని, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషిలా ఉంటుంది. నాగులేటికి తీసుకుపోయి స్నానం చేయిస్తారు. ఎత్తుకున్నవాడు ఊగితే అది ఊగుతుంది. జనం దారి ఇస్తారు, మనిషికి కాదు, దానికి.

ఆ గుంపులో నిలబడి ఉండగా నాకు ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ఇక్కడ మనిషి బొమ్మ లేదు. వీరుడి ముఖం ఎలా ఉండేదో, ఎంత ఎత్తో, మీసమెటువంటిదో ఎవరికీ పట్టింపు లేదు. మనిషి పోయాడు, ఆయుధం మిగిలింది, ఆ ఆయుధమే మనిషి అయింది. దానికే పేరు, దానికే స్నానం, దానికే భోజనం. బొమ్మల కొలతల లెక్కన చూస్తే ఇది ఒకటికి ఒకటి, ఏమీ తగ్గించని కొలత. మట్టి, రాయి, ఎపాక్సీ ఏదీ అక్కర్లేకుండా పల్నాడు తన యుద్ధాన్ని తానే బొమ్మకట్టుకుంది. మందపోరు రోజున అందరూ కలిసి తినే చాపకూడు వడ్డిస్తుంటే, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండా కూర్చున్నాను. కళ్ళు మాత్రం గోడకు చేరేసిన ఒక కుంతం మీదే ఉన్నాయి. దాని కర్ర తుమ్మకొమ్మ, ఎక్కడికక్కడ వంకర. తిన్నగా ఉండాలని ఆరునెలలు నేను పడిన పాట్లు గుర్తుకొచ్చి నవ్వొచ్చింది.

తిరుగుబస్సులో, సత్తెనపల్లి దాటాక, రోడ్డుకిరువైపులా పత్తి విచ్చి ఉంది. మనిషి లేని ఆయుధం అంత నిండుగా నిలవగలిగినప్పుడు, ఆయుధం లేని మనిషి నిలవలేడా అన్న ఊహ అక్కడే కలిగింది. బాలచంద్రుడి చేతికి ఈటె ఎందుకు? యుద్ధానికి ముందు అతని చేతిలో ఉన్నది వేరే కదా.

ఇంటికి వచ్చి పిడికిలి మార్చాను. ఇది పన్నెండో చెయ్యి. ఈటె పట్టుకున్న పిడికిలి కాదు, ఇప్పుడే ఏదో వదిలేసిన చేయి. రెండు వేళ్ళు విచ్చుకుని, మణికట్టు కిందికి విరిగి. కాళ్ళు మార్చలేదు, విసిరేవాడి నిలుపు విసిరేవాడి నిలుపే, ఈటె అయినా బొంగరమైనా. పాదాల ముందు బొంగరం పెట్టాను. అసలు కొలతకు అది ఆవగింజలో సగం ఉండాలి. నేను ఆవగింజే పెట్టాను, అంతటి అబద్ధం బొమ్మకు ఆనుతుంది.

మిగిలింది తాడు. వేలి నుంచి గాలిలోకి లేచి, వదులై, వంపు తిరిగి ఉండాలి. తీగ మొద్దు, వెంట్రుక బిరుసు. బస్సు కిటికీలోంచి దూసుకొచ్చిన పత్తి కాయ ఒకటి జేబులో ఉంది. దాన్ని విప్పి మూడు పోగులు తీసి, వేళ్ళ మధ్య తడిపి పురి పెట్టాను. పత్తి పోగు మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుందేమో. మూడు పేని, అరవైతో హెచ్చిస్తే బొంగరం తాడు మందం అచ్చంగా వచ్చింది. తల పెద్దది, చేతులు పెద్దవి, బొంగరం పెద్దది. ఈ బొమ్మ మొత్తంలో కొలతకు కట్టుబడింది ఆ తాడొక్కటే.

నిలబడింది. విరగడానికి అందులో ఏమీ లేదు. ఎవరైనా చూస్తామంటే ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టుకుని వంగమంటాను. తాడు ఊపిరికే కదులుతుంది, బొంగరం ఇంకా తిరుగుతున్నట్టుంటుంది. ఇంట్లో కారం దంచే రోజైతే మాత్రం ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వను.